సైకిలు ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్లకు టార్క్ రెంచి కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కరకట్ట మీదో, అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీదో పొద్దున్నే సైకిలు తొక్కి, టీ కొట్టు దగ్గర ఆగినవాళ్ల మాటల్లో టైర్ల తర్వాత వచ్చేది పనిముట్ల సంగతే. అలెన్ కీల సెట్టు, పంపు, చైను కట్టరు కొనేశాక ఇంకేం కొనాలి అన్నప్పుడు టార్క్ రెంచి పేరు వస్తుంది, అంటే బోల్టు ఎంత బలంగా బిగుస్తోందో అంకెల్లో చెప్పే పానా. అది లేకుండా సైకిలు ముట్టుకోకూడదని కొందరు, డబ్బు దండగ అని కొందరు. విజయవాడ, గుంటూరు వైపు సైకిలు పని సొంతంగా నేర్చుకుంటున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

సూటిగా చెప్పండి. కొనాలా, వద్దా?

సైకిల్లో కార్బన్ భాగం ఒక్కటున్నా కొనండి. అల్యూమినియం ఫ్రేము, డిస్క్ బ్రేకులు, హ్యాండిలును నాలుగు చిన్న బోల్టులతో పట్టి ఉంచే స్టెమ్ ఉన్న సైకిలైతే, పని మీరే చేసుకునేట్టయితే కొనడం మంచిదే. కాకపోతే అది మొదట కొనాల్సిన పనిముట్టు కాదు. నాణ్యమైన అలెన్ కీలు, మంచి పంపు, ఒక గ్రీజు డబ్బా దానికంటే ముందు. స్టీలు ఫ్రేము, నట్లతో బిగించే చక్రాలు ఉన్న మామూలు సైకిలుకు అసలు అక్కర్లేదు.

టార్క్ అంటే ఏంటి? ఎన్ఎం అంటే?

బోల్టును తిప్పే బలం. పానా చివర ఎంత బలం పెట్టారు, బోల్టు మధ్య నుంచి మీ చెయ్యి ఎంత దూరంలో ఉంది, ఈ రెండింటి గుణకారం. దాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు, సైకిలు భాగాల మీద ఎన్ఎం అని ముద్రిస్తారు. లెక్క సులువుగా గుర్తుండాలంటే ఇలా అనుకోండి: 10 సెంటీమీటర్ల అలెన్ కీ చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే బోల్టు మీద పడేది దాదాపు 1 ఎన్ఎం. ఐదు కిలోలు వేలాడదీస్తే 5. పానా పొడుగు రెట్టింపైతే అదే బరువుకు టార్క్ కూడా రెట్టింపు అవుతుంది. చిన్న నంబరు అలెన్ కీలను పొట్టిగా చేసేది అందుకే. వాటికి పైపు తొడిగి తిప్పడమంటే ఆ జాగ్రత్తను చేతులారా తీసేయడమే.

ఇన్నేళ్లూ చేత్తోనే బిగించాం. ఏమైంది?

చాలా సైకిళ్లకు ఏమీ కాలేదు, నిజమే. అయిన వాటిని వరసగా పెట్టి చూస్తే మాత్రం ఒకే తీరు కనిపిస్తుంది. చిన్న బోల్టు మీద బలం ఎక్కువ పడి ఉంటుంది, పెద్ద బోల్టు మీద తక్కువ.

మన చేతికి సన్న బోల్టంటే అనుమానం. ఇంత చిన్నది హ్యాండిలును పట్టి ఉంచుతుందా అని ఇంకో పట్టు వేస్తాం. స్టెమ్ దగ్గర ఉండే 5 మిల్లీమీటర్ల బోల్టుకు కావాల్సింది 5 ఎన్ఎం. నాలుగో నంబరు అలెన్ కీ పొడుగు కొసను పట్టుకుని మామూలు మనిషి కాస్త గట్టిగా లాగితే అంతకు రెట్టింపు ఇట్టే వచ్చేస్తుంది. అప్పుడు స్టెమ్ లోపలి మర పోతుంది, లేదా బోల్టు తల తెగి చేతిలోకి వస్తుంది.

క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి), క్రాంకు (పెడలు తగిలించే చెయ్యి), పెడలు దగ్గరికొచ్చేసరికి ఇది పూర్తిగా తిరగబడుతుంది. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగుకు కావాల్సింది 40 ఎన్ఎం, అంటే స్టెమ్ బోల్టుకు ఎనిమిది రెట్లు. వరండాలో సైకిలును తలకిందులుగా నిలబెట్టి, గొంతుకూర్చుని, పొట్టి పానాతో అంత బలం పెట్టడం ఎవరికైనా కష్టమే. చేతికి కాస్త నొప్పి తగలగానే చాల్లే అనుకుంటాం. నెల తిరిగేసరికి తొక్కుతుంటే కిర్రుమని చప్పుడు మొదలవుతుంది.

టార్క్ రెంచి అనగానే అందరికీ ఎక్కువ బిగించకుండా కాపాడేదే గుర్తొస్తుంది. నన్నడిగితే తక్కువ బిగించకుండా కాపాడటమూ అంతే ముఖ్యం.

మా వీధి చివర సైకిల్ షాపు బాబాయి టార్క్ రెంచి మొహమే చూడలేదు. ఆయన బిగించింది ఎప్పుడూ ఊడలేదు. మరి?

ఊడదు కూడా. ఏళ్ల తరబడి అదే పానా, అదే సైజు నట్టు, అదే స్టీలు. ఆయన చెయ్యి అలా కుదురుకుని ఉంటుంది. స్టీలు బోల్టు తెగే ముందు సాగి మెత్తబడుతుంది, తెలిసిన చేతికి ఆ సంగతి అందుతుంది. అల్యూమినియంలో కోసిన మర అంత ముందుగా చెప్పదు. కార్బన్ అయితే అసలు చెప్పదు. ఆయన రోజూ చేసే పనిలో ఈ రెండూ తగిలేది తక్కువ. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో మాట. చక్రం వంకర తీయడం, ఇరుసు కోన్ ఆట లేకుండా, బిగుసుకుపోకుండా సరిగ్గా కుదర్చడం, గోళీలు మార్చడం లాంటివి ఆయన చేసినట్టు మీ టార్క్ రెంచి చేయలేదు. వాటికి అంకెలే లేవు. సైకిలు ఆయనకు ఇచ్చేటప్పుడు, "బాబాయ్, ఈ హ్యాండిలు కార్బన్, దీన్ని నేను ఇంటికెళ్లి బిగించుకుంటా" అని ముందే చెప్పేయండి. ఏమీ అనుకోడు. వాదనకు మాత్రం దిగకండి.

మా నాన్నగారి పాత నల్ల సైకిలు ఉంది. రాడ్ బ్రేకులు, కాటర్ పిన్ను క్రాంకు. దానికీ కావాలా?

వద్దు. క్రాంకును ఇరుసుకు పట్టే కాటర్ పిన్నును నిలిపి ఉంచేది నట్టు కాదు, సుత్తి దెబ్బ. క్రాంకు కింద గట్టి ఆధారం పెట్టి, పిన్నును సుత్తితో లోపలికి దిగ్గొట్టి, తర్వాత నట్టును మామూలుగా బిగిస్తే చాలు. నట్టుతో పిన్నును లాగుదామని చూస్తే దాని సన్నటి మర పోతుంది. కొత్త పిన్ను వేశాక కొద్ది దూరం తొక్కి, ఇంకోసారి సుత్తి వేసి, నట్టు మళ్లీ బిగించండి. ఆ సైకిలుకు సరైన నంబరు పానాలు, ఒక సుత్తి, రెండు చుక్కల నూనె ఉంటే ఇంకేం అక్కర్లేదు.

కార్బన్‌కు అంత భయం ఎందుకు?

కార్బన్ దారాలు లాగుడును బాగా తట్టుకుంటాయి. చుట్టూ నొక్కే క్లాంపు అంచు దగ్గర మాత్రం పొరలు నలుగుతాయి. నలిగిన చోటు స్టెమ్ కిందో, సీటు క్లాంపు కిందో ఉంటుంది కాబట్టి పైకి కనపడదు. సొట్ట పడితే అల్యూమినియం చూపిస్తుంది. కార్బన్ పైకి మామూలుగానే ఉండి, ఏ గుంతలోనో బరువు పడినప్పుడు ఒక్కసారిగా విరగొచ్చు. సైకిలు హ్యాండిలు విరగడానికి మంచి చోటు, చెడ్డ చోటు అని ఉండవు గానీ, కొండవీడు ఘాట్ దిగేటప్పుడు మాత్రం అస్సలు కాకూడదు.

దీనికి రెంచి ఒక్కటే చాలదు, కార్బన్ పేస్టు కూడా కావాలి. సన్నటి రవ్వ కలిసిన ఆ పేస్టు పూస్తే పట్టు పెరుగుతుంది, తక్కువ టార్క్‌కే సీటు రాడ్ జారకుండా ఆగుతుంది. కార్బన్ మీద మామూలు గ్రీజు పూయకండి. జారుతోందని ఇంకా బిగిస్తారు, కథ మొదటికొస్తుంది.

స్టెమ్ మీద "మ్యాక్స్ 5 ఎన్ఎం" అని ఉంది. సరిగ్గా 5కే బిగించాలా?

మ్యాక్స్ అంటే దాటకూడని గీత. అక్కడిదాకా వెళ్లి తీరాలని కాదు. 4తో మొదలుపెట్టండి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిలును పక్కలకు తిప్పండి, బ్రేకు లివర్ల మీద బరువు వేసి కిందికి నొక్కండి. కదలకపోతే అక్కడే ఆపేయొచ్చు. కదిలితే 4.5, ఆ తర్వాత 5. 5 దగ్గర కూడా జారుతోందంటే తప్పు టార్క్‌లో లేదు. సైజు సరిపోలేదో, మధ్యలో గ్రీజు చేరిందో చూడండి. మ్యాక్స్ అన్న మాట లేకుండా 12–14 అన్నట్టు రెండు అంకెలుంటే ఆ రెండింటి మధ్యకు తేవాలి.

స్టెమ్ ఒక చోట, హ్యాండిలు ఒక చోట తయారై, రెండింటి మీదా వేర్వేరు అంకెలుంటే తక్కువ ఉన్నదే లెక్క.

ఏ బోల్టుకు ఎంత?

భాగం మీద ముద్రించింది, లేదా ఆ కంపెనీ మాన్యువల్లో ఉన్నది మొదటి మాట. అవి లేనప్పుడు ఊహకు పనికొస్తాయని మామూలుగా కనిపించే అంకెలు ఇస్తున్నాను, అన్నీ ఎన్ఎంలలోనే.

హ్యాండిలును పట్టే స్టెమ్ బోల్టులు 4–6. స్టెమ్ ఫోర్కు గొట్టాన్ని పట్టేచోట 5–6. అల్యూమినియం సీటు రాడ్ క్లాంపు 5–7. బాటిల్ కేజ్ 2–3, ఇక్కడ ఎక్కువ బిగిస్తే ఫ్రేములో నొక్కి పెట్టిన మర గుల్ల గిర్రున తిరగడం మొదలవుతుంది. డిస్క్ బ్రేకు కేలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) 6–8, రిమ్ బ్రేకు కేలిపర్ 8–10, వెనక డీరైల్యూర్ (గేర్లు మార్చే భాగం) 8–10.

డిస్క్ రోటర్ (బ్రేకు పట్టే గుండ్రటి రేకు) దగ్గర కంపెనీ చూసుకోండి. ఆరు బోల్టుల రకానికి షిమానో చెప్పేది 2–4, స్రామ్ చెప్పేది 6.2. రెండూ టీ25 (నక్షత్రం ఆకారం) తలలే, పైకి ఒకేలా ఉంటాయి. మధ్యలో ఒకే పెద్ద రింగు ఉండే సెంటర్‌లాక్ రకమైతే 40.

బరువు పని ఇక్కడి నుంచి. షిమానో హాలోటెక్ (బోలు ఇరుసు రకం) ఎడమ క్రాంకును పట్టే రెండు బోల్టులు 12–14. నలుచదరపు ఇరుసు మీద కూర్చునే పాత రకం క్రాంకు 35–50. బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే బేరింగు) కప్పులు 35–50. పెడళ్లు 35 పైన. క్యాసెట్ లాక్‌రింగు 40, చాలావాటికి ఆ అంకె రింగు మీదే ఉంటుంది. లాక్‌రింగు బిగుస్తున్నప్పుడు కింది పళ్లు ఒరుసుకుని టకటకమంటాయి. అది రెంచి క్లిక్కు (పెట్టిన అంకె చేరగానే రెంచి చేసే చప్పుడు) అనుకుని ఆపేసేవాళ్లున్నారు. అప్పటికి సగం కూడా బిగిసి ఉండదు.

ఎలాంటి రెంచి కొనాలి? ఒకటి సరిపోతుందా?

2 నుంచి 50 దాకా అన్నీ నమ్మకంగా చూపే రెంచి దొరకదు. ఏ రెంచి అయినా దాని పరిధి అడుగున తడబడుతుంది. మొత్తం పరిధిలో కింది ఐదో వంతును నమ్మకపోవడం మంచి అలవాటు.

ఒక్కటే కొంటానంటే చిన్నది కొనండి. పావు అంగుళం లేదా 3/8 అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు కొస) ఉండి, సుమారు 2 నుంచి 14 దాకా చూపేది. పార్క్ టూల్ టీడబ్ల్యూ-5.2 సరిగ్గా ఆ పరిధే, అదే కంపెనీ పెద్దది టీడబ్ల్యూ-6.2 10 నుంచి 60 దాకా. తక్కువ ధరలో ఇదే పరిధితో చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. హ్యాండిలు, సీటు తప్ప ఇంకేమీ ముట్టుకోనివాళ్లకు 4, 5, 6 దగ్గర ఆగిపోయే పిడి రకం సుఖం. తిప్పుతుంటే ఆ అంకె దగ్గర చప్పున జారిపోతుంది, సెట్టింగు గోల లేదు.

ముల్లు గీతల మీద కదిలే పాత బీమ్ రకాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నాకది ఇష్టం. లోపల స్ప్రింగు సెట్టింగు లేదు, రెండు వైపులా పనిచేస్తుంది, ముల్లు వంగితే మెల్లగా సున్నా మీదికి వంచుకుంటే అయిపోతుంది. అంకెను నేరుగా పైనుంచి చూడాలి, ఇరుకు చోట అదే ఇబ్బంది. డిజిటల్ రకం బాగానే ఉంటుంది, బ్యాటరీ ఎప్పుడైపోతుందో మీ అదృష్టం.

ఆటోనగర్‌లో పెద్ద టార్క్ రెంచి తక్కువకు ఇస్తామన్నారు. తీసుకోనా?

విజయవాడ ఆటోనగర్‌లో పనిముట్లకు కొదవ లేదు. కాకపోతే అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేది కార్లకు, లారీలకు పనికొచ్చే అర అంగుళం డ్రైవ్ రెంచి. వాటి పరిధి చాలావరకు 28 నుంచి 210 ఎన్ఎం. దానితో స్టెమ్ బోల్టు ముట్టుకుంటే క్లిక్కు వినపడేలోపు బోల్టు రెండు ముక్కలవుతుంది. క్యాసెట్‌కు, బాటమ్ బ్రాకెట్‌కు వాడొచ్చు కదా అంటే, 40 అనేది దాని అడుగు భాగం. పని నడుస్తుంది, అంకెను మాత్రం అటూ ఇటూగా అనుకోవాలి. కారు చక్రాలకు కూడా పనికొస్తుందనుకుంటే తీసుకోండి. సైకిలు కోసమే అయితే వద్దు.

రెంచి కొనకుండా వేరే దారి ఏమీ లేదా?

ఉంది. రైలు, విమానం సామాను తూచే కొక్కెం తక్కెడ, అరచేతిలో పట్టే డిజిటల్ది, చాలా ఇళ్లలో ఉంటుంది. పానా చివర ఆ కొక్కెం తగిలించి, పానాకు సరిగ్గా అడ్డంగా, అంటే 90 డిగ్రీల్లో లాగండి.

పెద్ద బోల్టులకు ఇది బాగా పనిచేస్తుంది. బోల్టు మధ్య నుంచి కొక్కెం దాకా 25 సెంటీమీటర్లుంటే, తక్కెడ 16 కిలోలు చూపినప్పుడు పడేది దాదాపు 40 ఎన్ఎం. 16ను 9.8తో, తర్వాత 0.25తో గుణించి చూసుకోండి. క్యాసెట్, క్రాంకు, పెడలు, మూడూ దీనితో అయిపోతాయి. అందుకే పెద్ద రెంచి కొనడాన్ని నేను తొందరపెట్టను.

చిన్న బోల్టులకు కుదురుతుంది గానీ చిరాకు. అలెన్ కీ మీద కొక్కెం జారుతుంది, లాగే కోణం మారుతుంది. 10 సెంటీమీటర్ల దగ్గర 5 కిలోలంటే 5 ఎన్ఎం. అల్యూమినియం స్టెమ్ మీద చెయ్యి అలవాటు చేసుకోవడానికి ఓకే. కార్బన్ మీద ఈ ప్రయోగం వద్దు.

టార్క్ రెంచి వాడే పద్ధతి ఏంటి?

ముందు మామూలు అలెన్ కీతో బోల్టులన్నీ చేతికి తగిలేదాకా తిప్పండి. స్టెమ్ ముందు మూతకు నాలుగు బోల్టులుంటే పైనా కిందా ఉన్న సందులు సమానంగా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. పై సందు పూర్తిగా మూసే డిజైన్లు కొన్ని ఉన్నాయి, వాటి మీద అలా రాసి ఉంటుంది. తర్వాత రెంచిని ముందు 3 దగ్గర పెట్టి మూల నుంచి ఎదురు మూలకు వెళ్తూ ఒక రౌండు, 4 దగ్గర ఇంకో రౌండు, చివరికి కావాల్సిన అంకె. ఒక బోల్టును 5కు తెచ్చి పక్కదానికి వెళ్తే మొదటిది వదులవుతుంది. అందుకే చివర్లో నాలుగింటినీ ఇంకో చుట్టు చూడాలి.

రెంచిని పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా లాగండి. క్లిక్కుమనగానే ఆపండి. నమ్మకం కోసం రెండోసారి, మూడోసారి క్లిక్కుమనిపిస్తే ప్రతిసారీ కాస్త ఎక్కువ బిగుస్తుంది. 4, 5 దగ్గర ఆ క్లిక్కు చాలా మెత్తగా ఉంటుంది. పైన ఫ్యాను, పక్కింట్లో టీవీ ఉంటే చెవికి అందదు, చేతికి తెలియాలి. మొదటిసారి వాడేముందు ఏదైనా గట్టి స్టీలు నట్టు మీద అదే సెట్టింగుతో క్లిక్కుమనిపించి, అది ఎలా తగులుతుందో చూసుకోండి.

ఇప్పటికే బిగించి ఉన్న బోల్టును పరీక్షించాలంటే నేరుగా రెంచి పెట్టకండి. ఆగి ఉన్న బోల్టు కదలడానికి ఎక్కువ బలం కావాలి కాబట్టి రెంచి మోసపోతుంది. పావు చుట్టు వదులు చేసి మళ్లీ బిగించండి.

బోల్టులు విప్పడానికి కూడా అదే వాడొచ్చా?

వద్దు. దానికి అలెన్ కీ ఉంది.

బోల్టుకు గ్రీజు పూయాలా? పూస్తే అంకె మారుతుందా?

మారుతుంది. మీరు పెట్టిన టార్క్‌లో చాలా భాగం రాపిడికే పోతుంది. సుమారు సగం బోల్టు తల కింద, ఇంకో నలభై శాతం దాకా మరలో. భాగాల్ని నిజంగా నొక్కి పట్టేది మిగిలిన పదో వంతే. అందుకే రాపిడి కొద్దిగా మారినా పట్టు చాలా మారిపోతుంది. తుప్పు పట్టిన బోల్టు 5 ఎన్ఎం దగ్గర క్లిక్కుమంటుంది గానీ లోపల పట్టు అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

మన ఊళ్లలో దీనికి చెమట ఒక కారణం. వేసవిలో తొక్కితే చెమట చుక్కలు నేరుగా స్టెమ్ మీదే పడతాయి, బోల్టు తలలోని గుంటలో నిలుస్తాయి. ఇంట్లో ట్రైనర్ (సైకిలును కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) మీద తొక్కేవాళ్లకు ఇంకా ఎక్కువ. సూర్యలంక బీచ్ దాకా వెళ్లొచ్చినా ఉప్పు గాలి అదే పని చేస్తుంది. ఆరు నెలలకోసారి స్టెమ్ బోల్టులు ఒక్కొక్కటిగా తీసి, తుడిచి, మరకూ తల కిందా కొద్దిగా గ్రీజు పూసి మళ్లీ బిగించండి. స్టెమ్, సీటు క్లాంపు లాంటి చోట్ల కంపెనీలు అంకె ఇచ్చేది మామూలుగా ఇలా శుభ్రంగా, గ్రీజుతో ఉన్న బోల్టుకే. నీలం రంగు లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) పూసి వచ్చే రోటర్, కేలిపర్ బోల్టులకు మాత్రం గ్రీజు వద్దు. ఆ పూత పోతే అదే రకం లాక్‌టైట్ ఒక చుక్క వేయండి.

స్టెమ్ పైన మూత మీద ఉన్న బోల్టుకు ఎంత?

దానికి అంకె వెతక్కండి. అది హ్యాండిలును పట్టేది కాదు, ఫోర్కు బేరింగుల్లో ఆట తీసేది. ముందు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయాలి. మూత బోల్టును కొద్దికొద్దిగా తిప్పుతూ, ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపాలి. టక్ టక్ అనేది ఆగి, హ్యాండిలు ఇంకా తేలిగ్గా తిరుగుతుంటే అక్కడ ఆపేసి, చక్రానికి హ్యాండిలు సూటిగా పెట్టి, పక్క బోల్టులు బిగించాలి. పక్కవి బిగిసి ఉండగా పైది ఎంత తిప్పినా లాభం లేదు. బేరింగు ఆట పోలేదని దాన్ని బలంగా తిప్పి మూత పగలగొట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

హాలోటెక్ క్రాంకు చివర ఉండే ప్లాస్టిక్ మూత కూడా ఇదే జాతి, 0.7–1.5 ఎన్ఎం. దానితో వచ్చే చిన్న ప్లాస్టిక్ బిళ్లతో వేళ్లతో తిప్పితే చాలు.

ఎడమ క్రాంకు మాటిమాటికీ వదులవుతోంది. ఎంత బిగించినా అంతే. ఏం చేయాలి?

నలుచదరపు ఇరుసు ఉన్న సైకిళ్లలో ఇది పాత జబ్బు. ముందే తక్కువ టార్క్‌తో బిగించి, కిర్రుమంటున్నా కొన్నాళ్లు అలాగే తొక్కి ఉంటారు. ఇరుసు స్టీలు, క్రాంకు అల్యూమినియం. వదులుగా ఉన్నప్పుడు తొక్కిన ప్రతి తొక్కుకూ ఆ చదరపు కన్నం అంచులు అరిగి గుండ్రబడతాయి. ఒకసారి అలా అయ్యాక 40 కాదు, 60 పెట్టినా నిలవదు. క్రాంకు చెయ్యి మార్చాల్సిందే. లాక్‌టైట్ పోసి, రేకు ముక్క దూర్చి నడిపించమని సలహాలిస్తారు, వినకండి. కొత్తది వేసిన రోజే 40 దాకా బిగించి, ఒకటి రెండు రైడ్ల తర్వాత ఇంకోసారి చూసుకుంటే ఈ గొడవ ఉండదు. పెద్ద టార్క్‌కు కొక్కెం తక్కెడ తీయమన్నది ఇలాంటి చోట్లకే.

ఎడమ పెడలుకు రెంచి క్లిక్కుమనడం లేదు. పాడైందా?

ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, గడియారానికి ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. కొన్ని రెంచీలు ఒక్క వైపే టార్క్ చూపిస్తాయి, రెండో వైపు మామూలు పానాలా తిరుగుతూ పోతాయి. కొనేముందు రెండు వైపులా పనిచేస్తుందో లేదో అడగండి. బాటమ్ బ్రాకెట్‌లో బీఎస్ఏ అనే రకం మర అయితే కుడి కప్పు తిరగేసి ఉంటుంది, అక్కడా ఇదే చిక్కు. రెంచి పక్కన పెట్టినా ఒకటి మాత్రం మరవకండి: పెడలు మరకు గ్రీజు. అది లేకుండా వేస్తే తీసేటప్పుడు ఏడుస్తారు.

ఎండకు టార్క్ మారుతుందా? మే నెలలో మళ్లీ బిగించాలా?

అక్కర్లేదు. బెజవాడ ఎండకు మనం కరుగుతాం గానీ స్టెమ్ బోల్టు వదులవ్వదు.

మాన్యువల్లో వేరే కొలతలున్నాయి. ఎలా మార్చాలి?

పాత మాన్యువళ్లలో కిలో సెంటీమీటర్లు ఉంటాయి. 50 కిలో సెంటీమీటర్లంటే దాదాపు 5 ఎన్ఎం, చివరి సున్నా తీసేస్తే చాలు. అమెరికా వాళ్లవి పౌండ్లలో ఉంటాయి, అందులోనూ రెండు రకాలు. 5 ఎన్ఎం అంటే సుమారు 44 అంగుళాల పౌండ్లు, 40 ఎన్ఎం అంటే సుమారు 30 అడుగుల పౌండ్లు. అంగుళాన్ని అడుగు అనుకుంటే పన్నెండు రెట్లు తేడా వస్తుంది.

రెంచి సరిగ్గా చూపిస్తోందో లేదో తెలిసేదెలా?

చేతి టార్క్ రెంచీలకు ఐఎస్ఓ 6789 అనే ప్రమాణం ఉంది. మనం సైకిలుకు వాడే సెట్ చేసే రకానికి దాని ప్రకారం 10 ఎన్ఎం దాకా 6 శాతం, ఆపైన 4 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. ఏడాదికోసారో, 5,000 సార్లు వాడాకో క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిచూడటం, చేయించాలి. అది వర్క్‌షాపుల లెక్క. ఇంట్లో వాడేవాళ్లు 5,000 క్లిక్కులకు చేరడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో చేయిస్తే చవక రెంచికి దాని ధరకంటే ఎక్కువే అవ్వొచ్చు.

ఇంట్లో చూడాలంటే మళ్లీ ఆ కొక్కెం తక్కెడే. రెంచి చదరపు కొసను వైసులో బిగించండి. 5 ఎన్ఎం పెట్టి, ఆ కొస నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, పిడి మీద కొక్కెం తగిలించి నేలకు సమాంతరంగా లాగండి. కిందికి లాగితే రెంచి సొంత బరువు కూడా కలుస్తుంది. 2.4 నుంచి 2.7 కిలోల మధ్య క్లిక్కుమంటే బాగానే ఉన్నట్టు. 3.5 చూపిస్తే అమ్మినవాడికి తిరిగి ఇచ్చేయండి. కొత్తది కొన్న రోజే, బిల్లు చేతిలో ఉండగానే చూసుకోవడం మేలు.

క్లిక్ రకాన్ని దాచేముందు దాని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. దసరాకు ఆయుధ పూజలో మిగతా పానాలతో పాటు దీన్నీ పెట్టండి, తప్పేముంది. కుంకుమ బొట్టు పిడి మీదే పెట్టండి, రాచెట్ పళ్లలోకి పోకుండా చూడండి.

స్టెమ్‌లో మర పోయింది. ఇప్పుడేం చేయాలి?

స్టెమ్ మార్చండి. పొడుగు బోల్టు వేసి లోపల మిగిలిన మరతో నడిపిద్దామనుకోవడం ప్రమాదం. బాటిల్ కేజ్, మడ్‌గార్డ్ లాంటి చోట్ల అయితే లేత్ వర్క్‌షాపులో హెలీకాయిల్ (స్టీలు తీగ చుట్టతో చేసే కొత్త మర) వేయించుకోవచ్చు. క్రాంకులో పెడలు మర పోయినా అలా గుల్ల వేసే పద్ధతి ఉంది, చేసేవాడికి తిరగేసిన మర సంగతి ముందే చెప్పాలి.

మా గ్రూపులో అందరికీ కలిపి ఒకటి కొంటే?

మంచి ఆలోచన. ఒక్క షరతు: ఎవరి దగ్గరుందో రాసి పెట్టుకోండి, కిందపడితే దాచకుండా చెప్పండి. ఒక్కసారి గట్టిగా పడినా అంకె మారొచ్చు.

కొన్నాను. మొదట ఏ బోల్టులతో మొదలుపెట్టాలి?

స్టెమ్ ముందు మూతతో. ఒక్కొక్క బోల్టు పావు చుట్టు వదిలి, పైన చెప్పినట్టు మూల నుంచి మూలకు బిగించండి. తర్వాత స్టెమ్ పక్క బోల్టులు, అక్కడ రెండుంటే ఒకటి మార్చి ఒకటి. ఆ తర్వాత సీటు క్లాంపు. రాడ్‌ను ఒకసారి పూర్తిగా బయటికి లాగి, తుడిచి, రాడ్, ఫ్రేము రెండూ లోహమైతే గ్రీజు, ఏ ఒక్కటి కార్బనైనా పేస్టు పూసి పెట్టండి. ఎత్తు పోకుండా ముందే టేపుతో గుర్తు వేసుకోండి. బ్రేకు కేలిపర్లు, రోటర్ బోల్టులు మర్నాటికి పెట్టుకోవచ్చు. వాటిని కదిపాక ఇంటి ముందు నెమ్మదిగా నాలుగుసార్లు బ్రేకు పట్టి చూశాకే రోడ్డెక్కండి.